ఒకే పేరున్న రెండు టెస్టులు

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్లకి తెర కనిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

ఈ రోజు కొత్త ఫీచర్ గురించి గానీ, డీబగ్గర్ వేగం పెంచడం గురించి గానీ చెప్పబోవడం లేదు. ప్రోగ్రాంలలో తప్పులు వెతకడానికి వాడే జీడీబీ అనే డీబగ్గర్ ఉంది కదా, దాని టెస్టు సూట్‌లో, అంటే దాన్ని పరీక్షించే టెస్టుల సమూహంలో, టెస్టుల పేర్లు సర్దడం గురించి చెబుతాను. కొంతకాలంగా నేను పంపుతున్న ప్యాచ్‌లలో, అంటే కోడ్ మార్పులలో, సగానికి పైగా ఇవే. ఒక పేరు మార్చడం, ఇంకో పేరు తీసేయడం, ఒక లూప్‌కి ముందు ప్రిఫిక్స్ తగిలించడం. "ఇంత కూర్చుని చేస్తున్నావు, కొండను తవ్వి ఎలుకను పట్టడం కాదా ఇది?" అని ఒక స్నేహితుడు అడిగాడు. అతనికి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ ప్రసంగం ఆ జవాబే అనుకోండి.

తెర మీద రెండు వరుసలు పెట్టాను. చూడండి.

ఫెయిల్: జీడీబీ.బేస్/కౌంటర్.ఈఎక్స్‌పీ: ప్రింట్ కౌంట్
పాస్: జీడీబీ.బేస్/కౌంటర్.ఈఎక్స్‌పీ: ప్రింట్ కౌంట్

ఫైలు పేరు నేను మార్చాను, విషయం మాత్రం జరిగిందే. ఒక ప్రోగ్రాంని లూప్ మొదట్లో ఆపి కౌంట్ విలువ అడిగారు. లూప్ అయ్యాక మళ్లీ ఆపి మళ్లీ అదే అడిగారు. రెండు ప్రశ్నలూ వేరు, రెండు జవాబులూ వేరు. పేరు మాత్రం ఒకటే. మేము ప్రతి రాత్రీ మొత్తం సూట్ నడిపి, నిన్నటి ఫలితాలతో ఇవాళ్టివి పోల్చేవాళ్లం. పోల్చే స్క్రిప్ట్ నేనే రాశాను. టెస్టు పేరు కీ, ఫలితం విలువ, అలా ఒక డిక్షనరీ. ఫైలు పైనుంచి కిందికి చదువుతూ వెళుతుంది. "ప్రింట్ కౌంట్"కి ఫెయిల్ అని రాసుకుంటుంది. నాలుగు వరుసల తర్వాత మళ్లీ "ప్రింట్ కౌంట్" వస్తుంది, పాస్ అని దాని మీదే రాసేస్తుంది. రిపోర్టులో ఏమొచ్చింది? తేడాలేమీ లేవు అని.

మొత్తం లెక్కలో ఫెయిళ్లు ఒకటి పెరిగాయి, నిజమే. కానీ థ్రెడ్ల టెస్టుల్లో రోజూ ఒకటో రెండో అటూ ఇటూ ఊగుతుంటాయి. ఒకటి పెరిగితే అందులోదే అనుకున్నాం. అలా మూడు వారాలు గడిచాయి. ఎవరో వేరే పని మీద ఆ లాగ్ తెరిచి చూస్తే గానీ బయటపడలేదు. మూడు వారాల్లో ఎన్ని కమిట్లు, అంటే కోడ్‌లో నమోదైన మార్పులు, వచ్చి చేరతాయో మీకు తెలుసు. తప్పు ఎక్కడ మొదలైందో పట్టుకోవడానికి రెండు రోజులు బైసెక్ట్ చేస్తూ, అంటే ఆ కమిట్లని సగం సగం చేసుకుంటూ వెతుకుతూ, కూర్చున్నాం. టెస్టు తన పని తాను చేసింది. తప్పు జరిగిన మొదటి రాత్రే చెప్పింది. మాకే వినపడలేదు.

క్లాసులో ఒకే పేరున్న పిల్లలు ఇద్దరున్నారనుకోండి. టీచరు హాజరు పిలుస్తుంది. ఇద్దరిలో ఒకడు "ఉన్నానండీ" అంటాడు. రెండోవాడు రాలేదన్న సంగతి ఎవరికీ తెలియదు. టీచరు ఏం చేస్తుంది? ఇంటిపేరుతో పిలుస్తుంది. ఈ ఇంటిపేరు మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను దీని దగ్గరికి.

అసలు ఈ పరిస్థితి ఎందుకొచ్చిందో తెలియాలంటే జీడీబీ టెస్టులు ఎలా నడుస్తాయో కొంచెం చెప్పాలి. జీడీబీని రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో మొదలుపెట్టాడు. డీబగ్గర్ అంటే మనిషితో మాట్లాడే ప్రోగ్రాం. మనం కమాండ్ టైప్ చేస్తాం, అది జవాబిస్తుంది, మళ్లీ ప్రాంప్ట్ చూపిస్తుంది. దాన్ని పరీక్షించాలంటే మనిషిలాగా కూర్చుని టైప్ చేసి జవాబు చదివే ప్రోగ్రాం ఇంకొకటి కావాలి. డాన్ లైబ్స్ రాసిన ఎక్స్‌పెక్ట్ సరిగ్గా అదే చేస్తుంది. అది టికిల్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద నిలబడింది, దాని మీద టెస్టులు నడిపే డెజాగ్ను అనే చట్రం, డెజాగ్ను మీద మన టెస్టు సూట్. అందుకే టెస్టు ఫైళ్లన్నీ ఈఎక్స్‌పీ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఉంటాయి.

ఇందులో అందరూ ఎక్కువగా వాడే ప్రొసీజర్ జీడీబీ అండర్‌స్కోర్ టెస్ట్. దానికి మూడు ఇవ్వాలి. ఏ కమాండ్ పంపాలి, ఏ జవాబు రావాలి, టెస్టు పేరేమిటి. మూడోది ఇవ్వకపోయినా పర్వాలేదు, అప్పుడు కమాండే పేరైపోతుంది. చాలా సౌకర్యం ఇది. నేను దీనికి వ్యతిరేకిని కాను. కమాండ్‌నే మళ్లీ పేరుగా రాసిన చోట ఆ మూడోది తీసేయమనే రివ్యూలో చెబుతాను. కానీ ఇబ్బంది మొదలయ్యేదీ ఇక్కడే. డీబగ్గర్ టెస్టులో ఒకే కమాండ్ పదిసార్లు పంపడం మామూలు. "కంటిన్యూ", "నెక్స్ట్", "బీటీ", "ఇన్ఫో థ్రెడ్స్". పేరు ఇవ్వకపోతే పదీ ఒకే పేరుతో ఫలితాల ఫైల్లోకి వెళతాయి.

ఆ ఫలితాల ఫైలు జీడీబీ డాట్ సమ్. పాస్, ఫెయిల్, ఎక్స్‌ఫెయిల్, కేఫెయిల్ (ముందే ఊహించిన, తెలిసిన ఫెయిళ్లు), అన్‌టెస్టెడ్, అన్‌సపోర్టెడ్, అన్‌రిజాల్వ్డ్ వగైరా గుర్తులతో ఒక్కో ఫలితానికి ఒక్కో వరుస. పక్కనే జీడీబీ డాట్ లాగ్‌లో సంభాషణంతా పూర్తిగా ఉంటుంది. మొత్తం సూట్ నడిపితే మామూలు లినక్స్ మిషన్ మీద లక్షకు పైగా పాస్‌లు వస్తాయి. లక్ష వరుసలు ఎవరు చదువుతారు? ఎవరూ చదవరు. పోల్చి చూస్తారు, అంతే. ప్యాచ్‌కి ముందు ఒక సమ్ ఫైలు, ప్యాచ్ తర్వాత ఒక సమ్ ఫైలు, రెండింటికీ డిఫ్, అంటే తేడాల జాబితా. అంటే ఈ రన్‌లోని టెస్టు ఆ రన్‌లోని ఏ టెస్టో చెప్పేది ఒక్కటే ఆధారం, పేరు. టెస్టులకి ఇంకే నంబరూ లేదు, ఐడీ లేదు. పేరు ఆ టెస్టు చిరునామా. ఇద్దరికి ఒకే చిరునామా ఉన్నా, ఒకరి చిరునామా రోజుకోసారి మారినా, ఉత్తరం చేరదు.

రోజుకోసారి మారే పేర్ల సంగతి ఇప్పుడు చూద్దాం. వీటిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ వేధించింది అటాచ్. నడుస్తున్న ప్రాసెస్‌కి డీబగ్గర్‌ని తగిలించే టెస్టు. కమాండ్ "అటాచ్", తర్వాత ప్రాసెస్ ఐడీ. పేరు ఇవ్వలేదు. నిన్న "అటాచ్ 23417" పాసైంది. ఇవాళ "అటాచ్ 8806" పాసైంది. డిఫ్‌లో ఏమొస్తుంది? ఒక టెస్టు మాయమైంది, ఒక కొత్త టెస్టు పుట్టింది. ప్రతిరోజూ ఇలాంటివి ముప్పయ్యో నలభయ్యో వస్తే, చూసేవాడు ఆ భాగాన్ని దాటేసి చదవడం నేర్చుకుంటాడు. అలా దాటేసే అలవాటు పడ్డాక నిజంగా ఒక టెస్టు మాయమైనా చూడడు. ఇక్కడ చేయాల్సిందల్లా మూడో మాట రాయడం. "అటాచ్ టు ద ప్రాసెస్" అంటే సరిపోతుంది. ఐడీ లాగ్‌లో ఎలాగూ ఉంటుంది.

మెమరీ అడ్రసులది ఇంకాస్త గడుసు వ్యవహారం. లినక్స్ మీద జీడీబీ తాను నడిపే ప్రోగ్రాంకి అడ్రస్ రాండమైజేషన్‌ని (నడిపిన ప్రతిసారీ మెమరీ అడ్రసులు మార్చేయడాన్ని) మామూలుగా ఆపేస్తుంది. అందువల్ల టెస్టు రాసినవాడి మిషన్ మీద ఎన్నిసార్లు నడిపినా అదే అడ్రస్ వస్తుంది. పేరులో అడ్రస్ ఉన్నా అతనికి కనిపించదు, ఎందుకంటే అది కదలదు. ఇంకొకరు వేరే కంపైలర్ వెర్షన్‌తో నడిపితే కదులుతుంది. తన దగ్గర నిలకడగా ఉంది కాబట్టి ఎక్కడైనా నిలకడగా ఉంటుందనుకోవడం చాలా సహజమైన పొరపాటు. నేనూ చేశాను. కోడ్ చరిత్ర దాచే గిట్‌లో నా పేరుతోనే ఉన్నాయి అలాంటివి, ఈమధ్యే సరిచేశాను. రిమోట్ టెస్టుల్లో పోర్టు నంబరూ అంతే. ఆ పోర్టు ఖాళీగా లేకపోతే పక్క నంబరుకి వెళుతుంది, దాంతోపాటే పేరూ మారుతుంది.

ఇక పాత్‌లు, అంటే ఫైలు ఏ డైరెక్టరీలో ఉందో చెప్పే పూర్తి దారులు. "ఫైల్" కమాండ్‌తో ఎగ్జిక్యూటబుల్ లోడ్ చేస్తారు, పేరివ్వరు. దాంతో నా బిల్డ్ డైరెక్టరీ మొత్తం టెస్టు పేరులోకి వచ్చి కూర్చుంటుంది. మీ మిషన్ మీద మీ డైరెక్టరీ. మీ సమ్ ఫైలు నాకు పంపితే నేను పోల్చలేను. నా ఒక్కడి మిషన్ మీదే ప్యాచ్ ఉన్న బిల్డ్ ఒక డైరెక్టరీలో, లేని బిల్డ్ ఇంకో డైరెక్టరీలో పెట్టుకుంటే నా ఫలితాలతో నా ఫలితాలే కుదరవు.

ఇవన్నీ కంటితో వెతుక్కోనక్కర్లేదు. 2020లో టెస్టు సూట్‌లోనే ఒక తనిఖీ చేరింది. పాసో ఫెయిలో రాసే ప్రతిసారీ ఆ పేరు ఇంతకుముందు వచ్చిందా అని చూస్తుంది. వచ్చి ఉంటే డూప్లికేట్ అని ఒక వరుస రాస్తుంది. పేరులో సోర్స్ డైరెక్టరీ గానీ బిల్డ్ డైరెక్టరీ గానీ కనిపిస్తే పాత్ అని రాస్తుంది. చివర్లో మొత్తం పాస్‌లు, ఫెయిళ్ల లెక్క వచ్చే చోటే ఈ రెండింటి లెక్కా వస్తుంది. చిన్న మార్పే అయినా దాని ప్రభావం నేను కళ్లారా చూశాను. అంతకుముందు పేరు గురించి రివ్యూలో చెబితే అది నా అభిరుచిలా వినిపించేది. ఇప్పుడు ప్యాచ్ పంపేవాళ్లకి వాళ్ల టెర్మినల్ మీదే ఒక సంఖ్య కనిపిస్తుంది, నేను చెప్పేలోపే సరిచేసుకుని పంపుతున్నారు.

సరే, డూప్లికేట్ దొరికింది. ఎలా సరిచేయాలి? ఇక్కడ కొంచెం నిదానంగా వెళతాను, ఎందుకంటే చాలా ప్యాచ్‌లు తప్పేది ఇక్కడే.

అందరికీ మొదట తోచే మార్గం నంబర్లు. "ప్రింట్ కౌంట్ 1", "ప్రింట్ కౌంట్ 2", "ప్రింట్ కౌంట్ 3". డూప్లికేట్ వరుస పోతుంది, లెక్క సున్నా అవుతుంది. రేపు ఎవరో 1కీ 2కీ మధ్య ఇంకో ప్రశ్న చేరుస్తారు. అప్పుడు పాత 2 కాస్తా 3 అవుతుంది, 3 కాస్తా 4 అవుతుంది. నిన్నటి 2తో ఇవాళ్టి 2ని పోల్చే స్క్రిప్ట్‌కి అవి వేర్వేరు టెస్టులని తెలియదు. ఒకే పేరు సమస్యని తీసేసి అంతకన్నా దొంగ సమస్యని తెచ్చిపెట్టుకున్నాం. పైగా "ప్రింట్ కౌంట్ 2 ఫెయిల్" అని చూసినవాడికి ఏం తెలుస్తుంది? ఫైలు తెరిచి వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి.

నేను అడిగే ప్రశ్న ఒకటే. ఇదే కమాండ్‌ని ఇక్కడ మళ్లీ ఎందుకు పంపుతున్నాం? మధ్యలో ఏదో మారి ఉంటుంది. లూప్ నడిచింది, థ్రెడ్ మారింది, ఫోర్క్ జరిగింది, సెట్టింగ్ ఆన్ చేశారు. ఆ మారినదే పేరు. "లూప్‌కి ముందు ప్రింట్ కౌంట్", "లూప్ తర్వాత ప్రింట్ కౌంట్". మధ్యలో ఎవరేం చేర్చినా ఈ పేర్లు కదలవు. ఫెయిలైతే పేరు చదివిన క్షణంలోనే ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

మధ్యలో ఏమీ మారలేదని తేలిన సందర్భాలూ ఉన్నాయి. ఒకసారి పూర్ణాంకాల టైపులన్నీ పరీక్షించే పాత ఫైలు ఒకటి తీశాను. డూప్లికేట్ ఒకటే. చాలా తేలికైన పని అనుకున్నాను. చూస్తే ఒకే బ్లాకు వరుసగా రాసుకుంటూ పోయారు. చార్‌కి ఒకటి, షార్ట్‌కి ఒకటి, ఇంట్‌కి ఒకటి, లాంగ్‌కి ఒకటి. తర్వాత అన్‌సైన్డ్ చార్, అన్‌సైన్డ్ షార్ట్, అలా. అన్‌సైన్డ్ షార్ట్ అని కామెంట్ ఉన్న బ్లాకులో కమాండ్ మాత్రం మామూలు షార్ట్ వేరియబుల్‌దే. పై బ్లాకు కాపీ చేసి, కామెంట్ మార్చి, కింద వరుస మార్చడం మరిచిపోయారు. రెండు వేరియబుళ్లలో ఉన్న విలువ ఒకటే కాబట్టి పాస్ అవుతూనే ఉంది. అంటే అన్‌సైన్డ్ షార్ట్‌ని ఆ ఫైలు ఏనాడూ అడగలేదు. నేను ఒక్క మాట సరిచేశాను. డూప్లికేట్ దానంతటదే పోయింది, పేరు మార్చాల్సిన అవసరమే రాలేదు. సరిచేశాక ఆ టెస్టు పాసే అయింది, డీబగ్గర్‌లో తప్పేమీ బయటపడలేదు. అయినా ఆ రోజు నాకు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు. అక్కడ ఇన్నేళ్లుగా కాపలా ఉందనుకున్నాం. ఆ రోజు నుంచి నిజంగా ఉంది.

నంబరు అంటించి ముందుకు వెళ్లిపోయి ఉంటే అది దొరికేది కాదు. అందుకే తొందరపడి పేరు మార్చకండి, ముందు చదవండి అంటాను.

ఇప్పుడు ఇంటిపేరు దగ్గరికి వద్దాం. ఇరవై ప్రశ్నలున్న ప్రొసీజర్ ఒకటి ఉంది, దాన్ని రెండు మోడ్‌లలో పిలుస్తారు. ఇరవై పేర్లనీ మార్చాలా? అక్కర్లేదు. విత్ టెస్ట్ ప్రిఫిక్స్ అనే ప్రొసీజర్ ఉంది. ఒక మాట ఇచ్చి, దాని లోపల టెస్టులు నడిపితే ఆ మాట ప్రతి పేరుకీ ముందు చేరి, కోలన్ పడి, తర్వాత అసలు పేరు వస్తుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు వచ్చినట్టే. పిల్లవాడి పేరు మారదు, ఏ ఇంటివాడో తెలుస్తుంది. లూప్ అయితే ఫర్‌ఈచ్ విత్ ప్రిఫిక్స్ వాడండి. అది వేరియబుల్ పేరు, ఈక్వల్స్, దాని విలువ కలిపి తానే ప్రిఫిక్స్ తయారుచేస్తుంది. "మోడ్=ఆన్: ప్రింట్ కౌంట్", "మోడ్=ఆఫ్: ప్రింట్ కౌంట్". ప్రొసీజర్ పేరే ప్రిఫిక్స్ కావాలంటే ప్రాక్ విత్ ప్రిఫిక్స్ ఉంది. ఈ మూడూ తెలిస్తే డూప్లికేట్లలో పెద్ద భాగం ఫైలుకి రెండు మూడు వరుసల మార్పుతో పోతుంది. లూప్ వేరియబుల్‌లో ఎగ్జిక్యూటబుల్ పాత్ ఉంటే మాత్రం ఫర్‌ఈచ్ విత్ ప్రిఫిక్స్ వాడొద్దు, ఆ పాత్ పేరులోకి ఎక్కేస్తుంది. డూప్లికేట్ తీసి పాత్ తెచ్చిన ప్యాచ్‌లు రివ్యూలో చూశాను.

ఇంకో రకం తప్పు ఉంది. దీన్ని ఏ తనిఖీ పట్టుకోదు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను. జీడీబీ టెస్ట్ మల్టిపుల్ అనేదానిలో రాగల జవాబులు చాలా రాసుకుంటాం, ఒక్కోదానికి ఒక్కో శాఖ. పాత ఫైళ్లలో ఇలా ఉంటుంది. జవాబు సరిగా వస్తే పాస్, పేరు "బ్రేక్‌పాయింట్ సెట్ అయింది". రాకపోతే ఫెయిల్, పేరు "బ్రేక్‌పాయింట్ పెట్టలేకపోయాం". చదవడానికి ఎంత బాగుందో చూడండి. మనుషులు మాట్లాడినట్టే ఉంది. కానీ ఇవి రెండు పేర్లు. నిన్న పాసై ఇవాళ ఫెయిలైతే, పోల్చే స్క్రిప్ట్‌కి ఒక పాస్ మాయమైనట్టూ, సంబంధం లేని ఒక కొత్త టెస్టు పుట్టి పుట్టగానే ఫెయిలైనట్టూ కనిపిస్తుంది. కొత్త టెస్టు ఫెయిలైతే రిగ్రెషన్, అంటే ఇదివరకు పనిచేసింది చెడిపోవడం, అనుకోరు. "కొత్తది కదా, రాసినవాళ్లు చూసుకుంటారులే" అనుకుంటారు. పేరు ఫలితం చెప్పకూడదు. ఫలితం చెప్పడానికి పాస్, ఫెయిల్ అనే మాటలు ముందే ఉన్నాయి. పేరు ఏం ప్రయత్నించామో చెప్పాలి, "బ్రేక్‌పాయింట్ సెట్ చేయడం" అని. రెండు శాఖల్లోనూ అదే ఉండాలి. మళ్లీ మళ్లీ టైప్ చేయనక్కర్లేకుండా జీడీబీ టెస్ట్ నేమ్ అనే వేరియబుల్ సిద్ధంగా ఉంటుంది, పాస్‌కీ ఫెయిల్‌కీ దాన్నే ఇవ్వండి.

చివర బ్రాకెట్ల సంగతి. టైమౌట్ అయితే సూట్ తానే పేరు చివర బ్రాకెట్లలో "టైమౌట్" అని చేరుస్తుంది. డీబగ్గర్ లోపలే ఎర్రర్ వస్తే "జీడీబీ ఇంటర్నల్ ఎర్రర్" అని చేరుస్తుంది. అది అదనపు సమాచారం, పేరులో భాగం కాదు. కాబట్టి పోల్చేవాళ్లు చివర స్పేస్ తర్వాత వచ్చే బ్రాకెట్లని తీసేసి పోలుస్తారు. తీసేయాలి కూడా, లేకపోతే పాసైన టెస్టూ టైమౌట్ అయిన టెస్టూ వేరనిపిస్తాయి. ఇప్పుడు మీరు మీ పేరు చివర "(మొదటిసారి)", "(రెండోసారి)" అని రాస్తే, ఆ బ్రాకెట్లూ ఊడిపోయి రెండూ ఒకటైపోతాయి. ఇంకో సూక్ష్మం చూడండి. గ్నూ కోడింగ్ పద్ధతిలో ఫంక్షన్ పేరుకీ బ్రాకెట్‌కీ మధ్య స్పేస్ ఉంటుంది. ఎవరో "ప్రింట్ యాడ్ (3)" అని ఒక టెస్టు, "ప్రింట్ యాడ్ (4)" అని ఇంకోటి రాశారు, పేర్లు ఇవ్వలేదు. కమాండే పేరు, చివర స్పేస్ తర్వాత బ్రాకెట్. రెండూ "ప్రింట్ యాడ్" అయిపోతాయి. పద్ధతి ప్రకారమే రాశారు, అయినా కలిసిపోయాయి. దీన్ని మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు తెర వైపే చూస్తూ ఉండిపోయాను. ఇలాంటి చోట పేరు విడిగా ఇచ్చి, 3నీ 4నీ బ్రాకెట్ల బయటికి తీసుకురండి.

పెద్దక్షరంతో మొదలవడం, చివర ఫుల్‌స్టాప్ పెట్టడం, వీటి గురించి ఎక్కువ చెప్పను. చిన్నక్షరంతో మొదలుపెట్టండి, ఫుల్‌స్టాప్ వద్దు. పేరు వాక్యం కాదు. కమాండ్ల నుంచి వచ్చే పేర్లు ఎలాగూ చిన్నక్షరాలతోనే ఉంటాయి, అన్నీ ఒక తీరుగా ఉంటే వెతకడం తేలిక.

ఎల్‌ఎల్‌డీబీ అనే ఇంకో డీబగ్గర్ మీద పనిచేసేవాళ్లు కూడా ఇక్కడున్నారు. మీ టెస్టుల్లో చాలా భాగం పైథాన్ క్లాసులు, ఒక్కో టెస్టూ ఒక్కో మెథడ్. పైథాన్‌లో ఒక క్లాసులో ఒకే పేరుతో రెండు మెథడ్లు రాస్తే ఎర్రర్ రాదు. రెండోది మొదటిదాని మీద కూర్చుంటుంది. మొదటిది అసలు నడవదు. మా దగ్గర ఒకే పేరున్న రెండు టెస్టులూ నడుస్తాయి, ఫలితం పోల్చేటప్పుడు పోతుంది. మీ దగ్గర టెస్టే పోతుంది. పైథాన్ లింటర్లు, అంటే కోడ్‌ని నడపకుండానే తప్పులు చూపే సాధనాలు, ఒకే పేరు మళ్లీ రాయడాన్ని పట్టుకుంటాయి, ఆ హెచ్చరిక ఆన్ చేసి ఉంచండి. కాపీ చేసి మెథడ్ పేరు మార్చడం మరిచిపోయిన చోట్లు దొరకవచ్చు.

ఇక పని చేసే తీరు. పేర్లు మార్చే ప్యాచ్ వల్ల వచ్చే నష్టం ఒకటుంది, దాన్ని దాచను. పేరు మార్చిన రోజున ఆ టెస్టు చరిత్ర తెగిపోతుంది. పాత పేరు మాయం, కొత్త పేరు పుట్టుక. మార్పు జరిగిన ఆ ఒక్కసారి పోలిక పనిచేయదు. కాబట్టి ఆ ఒక్కసారిని శుభ్రంగా దాటాలి. పేర్లు మార్చే ప్యాచ్‌లో ఇంకేమీ ఉండకూడదు. రెజెక్స్ (జవాబు ఎలా ఉండాలో చెప్పే నమూనా) సరిచేయడం, కొత్త టెస్టు చేర్చడం, ఇండెంటేషన్ దిద్దడం, ఏదీ వద్దు. మార్చక ముందు ఒకసారి నడిపి సమ్ ఫైలు దాచుకోండి. మార్చాక మళ్లీ నడపండి. పాస్‌లు, ఫెయిళ్లు, మిగతా అన్ని లెక్కలూ అంకె తప్పకుండా సరిపోవాలి. తర్వాత పేర్ల డిఫ్ తీయండి. పోయిన ప్రతి పేరుకీ వచ్చిన పేరు ఒకటి జత దొరకాలి. జత దొరకనిది ఒక్కటున్నా మీరు పేరుతో పాటు ఇంకేదో మార్చారని అర్థం. పెద్ద మార్పైతే కమిట్ మెసేజ్‌లో పాత పేరూ కొత్త పేరూ పక్కపక్కన రాయండి. ఆరునెలల తర్వాత పాత పేరు కోసం గిట్ లాగ్‌లో వెతికేవాళ్లకి అదొక్కటే దారి.

మామూలు రన్ ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. టెస్టు ఫైళ్లలో రిమోట్ టార్గెట్ అయితే ఇలా, కాకపోతే అలా అని శాఖలుంటాయి. నేటివ్ జీడీబీ సర్వర్ బోర్డుతో (రిమోట్ టార్గెట్‌లా నడిపే సెట్టింగ్‌తో) నడిపితే వేరే శాఖలోకి వెళుతుంది, అక్కడ వేరే డూప్లికేట్లు ఉంటాయి. నేటివ్ ఎక్స్‌టెండెడ్ జీడీబీ సర్వర్‌తో ఇంకోసారి నడపండి. మూడింటిలోనూ సున్నా వస్తేనే ఆ ఫైలు పని అయినట్టు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలు అడగండి.

ఒక శ్రోత: సర్, పోల్చే స్క్రిప్ట్‌నే మార్చవచ్చు కదా? ఒకే పేరు రెండుసార్లు వస్తే మొదటిది, రెండోది అని అదే లెక్కపెట్టుకుంటుంది. వందల ఫైళ్లు మార్చే పని తప్పుతుంది.

మంచి ప్రశ్న అండీ. మూడు వారాల సంగతి జరిగాక నేను మొదట చేసింది అదే. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒక రోజు పది "కంటిన్యూ"లున్న ఫైలులో నాలుగోది టైమౌట్ అయి, టెస్టు అక్కడే ఆగిపోయింది. అది సరే. ఇంకో ఫైలులో పై భాగంలో ఉన్న ప్రశ్న ఒకటి ఒక ప్లాట్‌ఫాం మీద వర్తించదని వదిలేశారు. దాంతో కింద ఉన్నవన్నీ ఒక్కో స్థానం పైకి జరిగాయి. స్క్రిప్ట్ నిన్నటి మూడోదాన్ని ఇవాళ్టి మూడోదానితో పోల్చింది, అవి వేరు. నంబర్లు వద్దని ఇందాక చెప్పానే, అదే నంబరింగ్‌ని స్క్రిప్ట్‌లో పెట్టుకున్నాను. ఇంకో మాట, స్క్రిప్ట్ నాది ఒక్కటి. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో స్క్రిప్ట్ ఉంటుంది, చాలామంది ఉత్త డిఫ్ వాడతారు. పేరు సరిచేస్తే అందరికీ ఒకేసారి పనికొస్తుంది.

ఇంకో శ్రోత: నేను కొత్తగా చేరాను. ఎక్కడ మొదలుపెట్టమంటారు? ఒక డైరెక్టరీ మొత్తం తీసుకోనా?

డైరెక్టరీ వద్దమ్మా. వంద ఫైళ్ల ప్యాచ్ పంపితే రివ్యూ చేసేవాళ్లు పది ఫైళ్లు శ్రద్ధగా చూసి మిగతావి నమ్మేస్తారు. ఒక్క ఫైలు తీసుకో. జీడీబీ డాట్ సమ్‌లో డూప్లికేట్ అని వెతుకు. మూడు నాలుగు వరుసలున్న ఫైలు ఎంచుకో, నలభై ఉన్నది వద్దు. ఆ ఫైలు పైనుంచి కిందికి పూర్తిగా చదువు, ప్రోగ్రాం సోర్సు కూడా పక్కన తెరిచి పెట్టుకుని. ఒకే కమాండ్ రెండోసారి వచ్చిన ప్రతి చోటా అంతకుముందుకీ అప్పటికీ ఏం మారిందో కాగితం మీద ఒక మాట రాసుకో. చాలా చోట్ల ఆ మాటే నీకు కావలసిన పేరు. ఏం మారిందో నీకు దొరకని చోట ఆగి, నాకు రాయి. ఇద్దరం కలిసి చూద్దాం.